ఎవరి వీపు వారికి కనబడదు
(వెన్ను శస్త్రచికిత్స పొందిన రోగులకు దూర పరామర్శ: ఒక పరిశీలన)

విషయ ప్రవేశం

వ్యాధిగ్రస్తుని వద్దకు వెళ్లి క్షేమ సమాచారం తెలుసుకోవడాన్ని తెలుగులో "పరామర్శ" అంటాం. ఇది సంస్కృతం నుండి వచ్చిన మాట. దీనిలోని ధాతువుకు తాకుట, చేతితో తడవి చూచుట అని అర్థం. న్యాయశాస్త్రంలో ఈ మాటకే మరొక అర్థం ఉన్నది. పొగ ఉన్నచోట నిప్పుండునన్న నియమాన్ని స్మరించి, అట్టి పొగ ఎదుటి కొండపై ఉన్నదని నిశ్చయించుకొనే జ్ఞానాన్ని తార్కికులు పరామర్శ అన్నారు. ఇక ఉర్దూలో ఇదే మర్యాదకు "మిజాజ్ పుర్సీ" అని పేరు. మిజాజ్ అనగా మిశ్రమం. దేహంలోని రసాల కలయికను బట్టి మనిషి స్వభావం, ఆరోగ్యం ఏర్పడతాయని యునానీ వైద్యులు భావించారు. పుర్సీ అనగా అడగడం.

ఈ రెండు మాటలను కలిపి చూస్తే వైద్యుని పని యావత్తూ మన కళ్ల ముందు నిలుస్తుంది. ఆయన తాకి చూస్తాడు, అడిగి తెలుసుకుంటాడు, కనబడిన చిహ్నాన్ని బట్టి కనబడని కారణాన్ని ఊహిస్తాడు. నేడు చేతి ఫోను ద్వారా, దాని తెర మీద కనబడే ప్రశ్నల ద్వారా, ఛాయాచిత్రాల ద్వారా వందల కిలోమీటర్ల దూరం నుండి రోగిని కనిపెట్టి ఉండే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఈ పద్ధతిలో వైద్యునికి తాకే అవకాశం లేదు. అడగడం, ఊహించడం మాత్రమే మిగిలాయి. కనుక ఏమి అడుగుతున్నారు, ఏ భాషలో అడుగుతున్నారు, ఎవరు సమాధానం చెబుతున్నారు అన్న మూడు విషయాలపైననే దీని సాఫల్యం ఆధారపడి ఉన్నది. వెన్ను శస్త్రచికిత్స పొందినవారి విషయంలో ఈ సంగతిని సోదాహరణంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. భాషాబోధకుడు వైద్యం గురించి వ్రాయడమేమిటని పాఠకులు శంకించవచ్చును. ఆ శంకకు సమాధానం వ్యాసం మధ్యలో దొరుకుతుంది.

వెన్నెముక నిర్మాణం

మానవ దేహానికి వెన్నెముక మూలస్తంభం. ఇందులో మెడ భాగాన 7, వీపు భాగాన 12, నడుము భాగాన 5, వెరసి 24 వెన్నుపూసలు విడివిడిగా కదలగలిగి ఉంటాయి. వాటి క్రింద 5 పూసలు ఒక్కటిగా అతుక్కొని త్రికంగా, సాధారణంగా మరి 4 చిన్న పూసలు కలిసి అనుత్రికంగా ఏర్పడతాయి. కదిలే పూసల నడుమ మెత్తటి దిండ్ల వంటి చక్రికలున్నాయి. వీటినే వ్యవహారంలో డిస్కులంటాం. చక్రిక పైభాగం నారవలె గట్టిగాను, లోపలి భాగం జిగురువలె మెత్తగాను ఉంటుంది.

పూసల వెనుక ఉన్న నాళంలో మెదడు నుండి దిగివచ్చే వెన్నుపాము ఉన్నది. అయితే పెద్దవారిలో ఈ వెన్నుపాము నడుము వరకు పూర్తిగా రాదు. నడుము భాగపు మొదటి, రెండవ పూసల దగ్గర ముగిసిపోతుంది. అక్కడి నుండి క్రిందికి నరాలు మాత్రమే గుత్తిగా వ్రేలాడుతుంటాయి. ఆ గుత్తిని చూచి పూర్వపు శరీర శాస్త్రజ్ఞులు లాటిన్ భాషలో "గుర్రపు తోక" అని పేరు పెట్టారు. కాళ్లలోని బలం, స్పర్శ, మూత్ర మల విసర్జనలపై అదుపు ఈ నరాల అధీనంలో ఉంటాయి.

చక్రిక పైపొర చిట్లి లోపలి మెత్తటి పదార్థం బయటకు పొడుచుకొని వచ్చి నరాన్ని ఒత్తితే, పిరుదు నుండి పాదం వరకు పోటు పుడుతుంది. దానినే సయాటికా అంటారు. ఈ నొప్పికి చిట్లిన చక్రిక కారణం కాగలదని 1934లో బోస్టన్ నగరానికి చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు స్పష్టంగా నిరూపించారు. ఒత్తుతున్న ముక్కను తీసివేయడం, నాళానికి చోటు చాలనప్పుడు పూస వెనుకటి ఎముకను కొంత తొలగించడం, పూసలు నిలకడ తప్పినప్పుడు మరలు, కడ్డీలు బిగించి అతికించడం, ఈ మూడూ నేడు సర్వసాధారణంగా జరుగుతున్న శస్త్రచికిత్సలు. అయితే మందులు, వ్యాయామం, విశ్రాంతి, కాలం కలిసి చాలామంది నడుము నొప్పిని శస్త్రచికిత్స లేకుండానే తగ్గిస్తాయన్న సంగతి కూడ మరువరాదు.

ఇంటికి చేరిన తరువాత

పూర్వం ఇటువంటి చికిత్స జరిగితే రోగి వారాల తరబడి ఆస్పత్రి మంచం మీదనే ఉండేవాడు. ఇప్పుడు చక్రిక ముక్కను తీసివేసిన రోగిని ఆ రోజో మరునాడో లేపి నడిపిస్తారు, కొద్ది రోజులలో ఇంటికి పంపిస్తారు. త్వరగా నడవడం మేలే. అయితే ఇదివరకు నర్సుల కనుసన్నలలో గడిచిన కాలం ఇప్పుడు ఇంటిలో, వైద్యం ఎరుగని బంధువుల మధ్య గడుస్తున్నది. కుట్లు సాధారణంగా పది పదునాలుగు రోజులకు తీస్తారు. గాయంలో చీము పుట్టే ప్రమాదం మొదటి 30 రోజులలో ఎక్కువ. లోహపు మరలు బిగించినచోట 90 రోజుల వరకు కనిపెట్టి ఉండడం ఆనవాయితీ.

"ఎవరి వీపు వారికి కనబడదు" అన్న నానుడి మన పెద్దలు వేరొక సందర్భంలో వాడినా, ఈ రోగులకు అది అక్షరాలా వర్తిస్తుంది. చేతి గాయాన్ని ఎవరికి వారు చూసుకోవచ్చు. వీపు గాయాన్ని మరొకరు చూడవలసిందే. కనుక ఇంటివారు గుర్తించవలసిన ప్రమాద సూచనలను ఇక్కడ పొందుపరుస్తున్నాను.

ఒకటి: జ్వరం రావడం, గాయం చుట్టూ వాపు, వేడి, ఎరుపు పెరగడం, చీము కారడం.
రెండు: గాయం నుండి నీటివంటి ద్రవం స్రవించడం, లేచి కూర్చుంటే అధికమై పడుకుంటే తగ్గే తలనొప్పి. మెదడు వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవం కారుతున్నదనడానికి ఇది సూచన కావచ్చును.
మూడు: కాలిలో కొత్తగా బలం తగ్గడం, నడుస్తుంటే పాదం జారి వ్రేలాడడం.
నాలుగు: పిక్కలో నొప్పి, వాపు. దానితోపాటు రొమ్ము నొప్పి, ఆయాసం కలిగితే రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చును.
ఐదు: గుర్రం మీద కూర్చున్నప్పుడు జీనుకు ఆనే భాగమంతా, అనగా తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం; మూత్రం రాకపోవడం, వచ్చినట్లు తెలియకపోవడం, లేదా మలమూత్రాలపై అదుపు తప్పడం.

ఈ ఐదవది "గుర్రపు తోక" నరాలు నలుగుతున్నాయనడానికి గుర్తు. ఇది రేపటికి వాయిదా వేయదగిన విషయం కాదు. గంటలు గడిచిన కొద్దీ నష్టం శాశ్వతమయ్యే అవకాశం పెరుగుతుంది. దురదృష్టమేమంటే ఈ ఐదింటిలోను మనవారు నోరు విప్పి చెప్పడానికి మిక్కిలి సిగ్గుపడే విషయం కూడ ఇదే.

దూర వైద్యం మన నేలపై

దూర వైద్యం తెలుగువారికి కొత్తది కాదు. చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామంలో 2000 సంవత్సరంలోనే ఉపగ్రహ సంబంధం ద్వారా పట్టణంలోని వైద్యులతో సంప్రదించే కేంద్రం ప్రారంభమైంది. ఆ సంవత్సరం మార్చి నెలలో హైదరాబాదుకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దానిని ప్రారంభించారు. ఆనాడు దానికి పెద్ద పళ్లెం వంటి యాంటెన్నా కావలసి వచ్చింది. ఈనాడు జేబులోని ఫోను ఆ పని చేస్తున్నది.

కోవిడ్ మహమ్మారి కాలంలో, 2020 మార్చి 25న, భారత ప్రభుత్వం దూర వైద్య ఆచరణకు మార్గదర్శకాలను ప్రకటించింది. దృశ్య సంభాషణ, మాట సంభాషణ, వ్రాత సందేశం, ఈ మూడు మార్గాలనూ అవి గుర్తించాయి. స్వయంగా చూచిన వైద్యుడే ఆరు నెలలలోగా అదే వ్యాధి విషయమై మళ్లీ సంప్రదింపబడితే దానిని కొనసాగింపు పరామర్శగా పరిగణించాయి. రోగి పక్షాన సంరక్షకులు మాట్లాడవచ్చునని అంగీకరించాయి. రోగిని ప్రత్యక్షంగా చూడనిదే లాభం లేదని వైద్యునికి తోచినప్పుడు ఆయన నిర్ణయమే శిరోధార్యమని కూడ చెప్పాయి. అత్యవసర పరిస్థితిలో దూర వైద్యం ప్రథమ చికిత్సకు, సలహాకు, దగ్గరి ఆస్పత్రికి పంపడానికి పరిమితం కావాలన్నది అందులోని ముఖ్య సూత్రం.

ఈ ఏర్పాటు వలన ప్రయోజనం స్పష్టం. వెన్ను శస్త్రచికిత్స జరిగిన మనిషిని గతుకుల రోడ్డు మీద నాలుగైదు గంటలు కూర్చోబెట్టి, పది నిమిషాలు చూచి, మళ్లీ అదే దారిని పంపడం సుఖం కాదు. వెంట వచ్చే కొడుకు ఒక రోజు కూలి పోగొట్టుకుంటాడు. గాయం చక్కగా మానుతున్నదని ఫోనులోనే తేలితే ఆ శ్రమ, ఖర్చు మిగులుతాయి.

అంకెల భాష

దూరం నుండి అడిగే ప్రశ్నలలో అన్నిటికంటే సులభమైనది నొప్పికి అంకె వేయమనడం. ఏ మాత్రం నొప్పి లేకుంటే 0, ఊహింపరాని నొప్పి అయితే 10. నిన్న 7, నేడు 5, రేపు 3 అని గీత దిగుతుంటే వైద్యుడు తృప్తి పడతాడు.

దీనికంటె సమగ్రమైనది ఆస్వెస్ట్రీ ప్రశ్నావళి. ఇంగ్లండులోని ఆస్వెస్ట్రీ అనే పట్టణంలో రూపొంది 1980లో ప్రచురితమైంది. నొప్పి తీవ్రత, స్వంత పనులు, బరువులెత్తడం, నడక, కూర్చోవడం, నిలబడడం, నిద్ర, దాంపత్య జీవితం, నలుగురితో కలియడం, ప్రయాణం అని ఇందులో పది విభాగాలున్నాయి. ఒక్కొక్కదానికి 0 నుండి 5 వరకు మార్కులు. మొత్తం 50కి ఎన్ని వచ్చాయో నూటికి లెక్క కడతారు. 18 మార్కులు వస్తే 36 శాతం. ఒక విభాగాన్ని వదలివేస్తే 45కే లెక్క కడతారు. అప్పుడు అదే 18 మార్కులు 40 శాతమవుతాయి. 20 శాతం లోపు స్వల్ప బాధ, 40 వరకు మధ్యమం, 60 వరకు తీవ్రం, ఆపైన అతి తీవ్రం. మన పరీక్షలకు భిన్నంగా ఇక్కడ మార్కులు తక్కువ వస్తేనే ఉత్తీర్ణత.

ఈ ప్రశ్నావళి గొప్పదే. కాని అది పుట్టిన చోట మనుషులు కుర్చీలో కూర్చుంటారు, బల్ల మీది బరువునెత్తుతారు. మన ఇళ్లలో చాప మీదనో దస్తర్‌ఖాన్ ముందో కూర్చుంటాం, కుళాయి దగ్గరి బిందెను నేల మీది నుండి చంకకెత్తుతాం. మరుగుదొడ్డిలో గొంతుకు కూర్చుంటాం. నమాజులో సజ్దా చేసేవారు నుదురు నేలకు ఆనిస్తారు. "కుర్చీలో ఎంతసేపు కూర్చోగలరు?" అన్న ప్రశ్నకు మా తల్లిగారు "కుర్చీలో ఎప్పుడు కూర్చున్నాను కనుక?" అని ఎదురు ప్రశ్న వేశారు. ప్రశ్నను తెలుగులోకి మార్చడం వేరు, తెలుగు ఇంటిలోకి తేవడం వేరు. మొదటిది నిఘంటువుతో అయ్యే పని. రెండవది ఆ ఇంటి జీవితం తెలిసినవారే చేయగలరు.

"సున్" మరియు "సున్న"

ఇక స్వానుభవాన్ని విన్నవిస్తాను. రెండేళ్ల క్రితం మా తల్లిగారికి హైదరాబాదులోని ఒక ఆస్పత్రిలో నడుములోని చక్రికకు శస్త్రచికిత్స జరిగింది. మా ఊరు అక్కడికి నాలుగు గంటల ప్రయాణం. ఐదవ రోజున ఇంటికి పంపిస్తూ నా ఫోనులో ఒక యాప్ పెట్టి ఇచ్చారు. ప్రతి సాయంత్రం కొన్ని ప్రశ్నలకు సమాధానం నింపాలి, మూడు రోజులకొకసారి గాయం ఫొటో పంపాలి. వారానికి రెండుసార్లు ఆస్పత్రి నుండి ఒక అమ్మాయి ఫోను చేసి మాట్లాడుతుంది. ప్రశ్నలు ఇంగ్లీషులోను, తెలుగులోను ఉన్నాయి. ఉర్దూలో లేవు. మా తల్లిగారు ఇరుగు పొరుగువారితో తెలుగు మాట్లాడతారు గాని, బాధ కలిగినప్పుడు ఆమె నోట వచ్చేది ఉర్దూయే.

తొమ్మిదవ రోజు ఆ అమ్మాయి ఫోను చేసింది. నేను ఫోనును ఆమె ముఖం ముందు పట్టుకొని కూర్చున్నాను.

"అమ్మగారూ, ఇవాళ నొప్పి సున్న నుంచి పది వరకు ఎంత వేసుకోవచ్చు?"

మా తల్లిగారు నా వైపు ఒకసారి చూచి, చూపు దించుకొని, "నొప్పి కాదు బేటీ, సున్... సున్ అయింది" అన్నారు.

"సున్నానా! చాలా సంతోషం అమ్మగారూ. దేవుని దయ."

అవతల 0 అని నమోదైంది. ఆ సాయంత్రం యాప్‌లో నేను కూడ 0 నింపాను. నొప్పి గీత 4 నుండి ఒక్కసారిగా నేలకు దిగింది. ఉర్దూలో "సున్" అంటే మొద్దుబారడమని నాకు తెలియదా? నేను పుట్టి పెరిగిన భాష అది. తెలుగు నేను ఎం.ఏ. చదివి, పాఠం చెప్పి బ్రతుకుతున్న భాష. రెండు భాషలూ తెలిసిన నేనే "సున్న" అని విన్నాను, ఎందుకంటే నేను వినదలచినది అదే. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేను.

ఆ రాత్రి పదకొండు గంటలకు మా తల్లిగారు నా భార్యను దగ్గరకు పిలిచి, "దుల్హన్, పొద్దుటి నుంచి పేషాబ్ రావడం లేదు. వస్తుందో రాదో తెలియడం లేదు. కింద అంతా నాది కానట్లున్నది. వాడితో ఎట్లా చెప్పను?" అన్నారు. నా భార్య ఆలస్యం చేయకుండా నాకు చెప్పింది. ఆస్పత్రివారు ఇచ్చిన కాగితం మీది అత్యవసర సంఖ్యకు ఫోను చేశాం. రాత్రి విధిలో ఉన్న వైద్యుడు మూడే ప్రశ్నలడిగాడు. మూత్రం ఎప్పటి నుండి రాలేదు? తుడుచుకునేటప్పుడు స్పర్శ తెలుస్తున్నదా? కాళ్లలో బలం ఎట్లున్నది? నా భార్య సమాధానాలు చెప్పింది. "తెల్లవారే దాకా ఆగవద్దు, ఇప్పుడే బయలుదేరండి" అన్నాడాయన.

నాలుగు గంటలకు చేరాం. స్కానింగులో, మిగిలిన చక్రిక భాగం అదే చోట మళ్లీ జారి నరాల గుత్తిని ఒత్తుతున్నదని తేలింది. తెల్లవారక ముందే రెండవ శస్త్రచికిత్స జరిగింది. మూత్రానికి రెండు వారాలు గొట్టం ఉంచవలసి వచ్చినా, తరువాత అదుపు తిరిగి వచ్చింది. ఒక ప్రక్క కొంత మొద్దుతనం మాత్రం ఇప్పటికీ ఉన్నది. ఇంకొక రోజు గడచి ఉంటే ఆ అదుపు తిరిగి వచ్చేదని చెప్పలేనని శస్త్రవైద్యుడు అన్నారు. భాషాబోధకుడనైన నేను ఈ వ్యాసం ఎందుకు వ్రాస్తున్నానో పాఠకులకు ఇప్పుడు అవగతమై ఉంటుంది.

బాధకు ఎన్ని పేర్లు

తెలుగులో నొప్పికి ఉన్న పేర్లు అన్నీ ఒకటి కావు. పుండు సలుపుతుంది. పక్కలో పోటు పొడుస్తుంది. కాళ్లు పీకుతాయి, లాగుతాయి. తెలంగాణాలో గుంజుతాయంటారు. నరం జివ్వుమంటుంది. చర్మం మండుతుంది, చిమచిమలాడుతుంది. అరికాలు మొద్దుబారుతుంది. ఉర్దూలోను టీస్ వేరు, జలన్ వేరు, ఝున్‌ఝునీ వేరు, సున్ వేరు. వైద్యునికి ఈ భేదాలు అలంకారాలు కావు, ఆధారాలు. కండరపు నొప్పి పీకుతుంది. నలిగిన నరం జివ్వుమంటుంది, మండుతుంది. గాయంలో చీము చేరితే సలుపుతుంది. న్యాయశాస్త్రంలో చెప్పిన పొగ ఇదే. ఈ మాటలన్నిటినీ "నొప్పి" అనే ఒక్క గడిలో కుదించి అంకె వేయమంటే పొగ కనబడకుండా పోతుంది.

మరొక చిక్కు "తిమ్మిరి" అన్న మాటతో ఉన్నది. సూదులు గుచ్చినట్లుండడాన్నీ తిమ్మిరి అంటాం, స్పర్శ పోవడాన్నీ తిమ్మిరి అంటాం. శస్త్రచికిత్సకు ముందు నుండి కాలిలో ఉన్న మొద్దుతనం నెలల తరబడి ఉండవచ్చు. అది భయపడవలసినది కాదు. కూర్చునే చోట కొత్తగా వచ్చిన మొద్దుతనం వేరు. కనుక "తిమ్మిరి ఉన్నదా?" అని అడిగితే చాలదు. ఎక్కడ, ఎప్పటి నుండి, ముట్టుకుంటే తెలుస్తున్నదా అని అడగాలి.

తల్లిగారు కోలుకున్న తరువాత, ఆ ఆస్పత్రి నర్సు కోరిక మీద నేను, నా భార్య కలిసి ఐదు ప్రశ్నలను తెలుగులోను ఉర్దూలోను వ్రాసి ఇచ్చాం. అవి ఇవి:

1. నొప్పి సంగతి అలా ఉంచి, మొద్దుబారిన చోటు ఏదైనా ఉన్నదా? ఎక్కడ?
2. మూత్రం వచ్చే ముందు మీకు తెలుస్తున్నదా? నిన్నటికి నేటికి భేదమున్నదా?
3. శుభ్రం చేసుకొనేటప్పుడు చేయి తగిలినట్లు తెలుస్తున్నదా?
4. మడమల మీద నాలుగడుగులు, ముని వేళ్ల మీద నాలుగడుగులు ఒకరిని పట్టుకొని వేయగలరా?
5. ఇప్పుడు మీ ప్రక్కన ఎవరున్నారు? ఒంటరిగా మాట్లాడదలచారా?

ఈ ఐదవ ప్రశ్న వైద్య గ్రంథాలలో ముందు వరుసలో కనబడకపోవచ్చు. మా ఇంటిలో లోపించినది మాత్రం అదే. మార్గదర్శకాలు సంరక్షకునికి రోగి పక్షాన మాట్లాడే అధికారమిచ్చాయి. కాని ఫోను పట్టుకున్న కొడుకు ఒక్కొక్కసారి తెరకు బదులు గోడ అవుతాడు. తల్లి కొడుకుతో, మామగారు కోడలితో చెప్పలేని సంగతులుంటాయి. ఆ మరుగును గౌరవిస్తూనే సమాధానం రాబట్టే ఉపాయం కావాలి.

అనువాదానికి కూడ ఒక నియమమున్నది. ఒకరు తెలుగులోకి మార్చిన ప్రశ్నను, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. రెండూ సరిపోలితేనే ఆ అనువాదం నిలుస్తుంది. తరువాత దానిని కొందరు రోగులకు చదివి వినిపించి, వారు ఏమి అర్థం చేసుకున్నారో వారి మాటలలోనే చెప్పించుకోవాలి.

ఛాయాచిత్రం, అడుగుల లెక్క

గాయం ఫొటో తీసేవారు పగటి వెలుగులో, కిటికీ ప్రక్కన తీయవలెను. ఒకటి దగ్గరి నుండి, ఒకటి వీపు అంతా కనబడేటట్లు తీసి, ప్రతిసారి అదే దూరం పాటించవలెను. మనవంటి చామనచాయ దేహాలపై ఎరుపు అంత స్పష్టంగా కనబడదు. అందుచేత ఫొటో చూచి తృప్తి పడక, చేతి వెనుక భాగంతో గాయం చుట్టూ వేడి ఉన్నదేమో తాకి, ఆ సంగతి వ్రాసి పంపాలి. వైద్యుడు తాకలేని చోట ఇంటివారి చేయి ఆయన చేయి కావలసి ఉన్నది.

ఫోనులో చలనాన్ని పసిగట్టే చిన్న పరికరముంటుంది. దాని సాయంతో రోజుకు ఎన్ని అడుగులు నడిచారో లెక్క తేలుతుంది. నడక దినదినం పెరుగుతుంటే శుభం. ఉన్నట్టుండి తగ్గితే విచారించవలసిన విషయం. అయితే ఫోను మనిషి ఒంటి మీద ఉంటేనే ఈ లెక్కకు విలువ. మా తల్లిగారి ఫోనును మా చిన్నవాడు జేబులో వేసుకొని ఆడుకున్న రోజున ఆమె ఆరువేల అడుగులు నడిచినట్లు యాప్ అభినందించింది. ఆ రోజు ఆమె వరండా దాకా కూడ పోలేదు.

ఇంటిలోని స్త్రీల వీపు ఫొటోలు, వారి విసర్జన వివరాలు ఎవరి చేతికి చేరుతున్నాయన్నది కూడ ఉపేక్షింపదగినది కాదు. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. చట్టం మాట అటుంచి, ఆస్పత్రికి పంపవలసిన ఫొటోను బంధువుల వాట్సాప్ బృందంలో వేయడం మర్యాద కాదని మనకు మనమే తెలుసుకోవాలి.

ఉపసంహారం

దూర పరామర్శను నేను నిరసించడం లేదు. ఆ రాత్రి పదకొండు గంటలకు అవతల ఫోను ఎత్తిన వైద్యుడు లేకుంటే మేము తెల్లవారేదాకా ఆగి ఉండేవాళ్లమే. మమ్మల్ని మోసగించినదీ ఫోనే, రక్షించినదీ ఫోనే. భేదమంతా అడిగిన ప్రశ్నలో, సమాధానం చెప్పిన మనిషిలో ఉన్నది. సాయంత్రం అడిగినది అంకె; చెప్పించినది కొడుకు. రాత్రి అడిగినది స్పర్శ గురించి, చెప్పినది కోడలు.

విద్యార్థులారా! మీలో చాలామంది ఇళ్లలో ఫోను వాడకం బాగా తెలిసినది మీకే. అమ్మమ్మకు, నానీకి, దాదాకు వైద్యునితో మాట కలిపేది మీరే. ఇంగ్లీషు ప్రశ్నను వారికి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పేదీ, వారి సమాధానాన్ని గడిలో నింపేదీ మీరే. ఆ క్షణాన మీరు అనువాదకులు. పరీక్షలో అనువాదం తప్పితే మార్కులు పోతాయి. అక్కడ తప్పితే ఏమి పోతుందో నేను చూచాను. కనుక వారు చెప్పిన మాటను చెప్పినట్లు వ్రాయండి. అర్థం కాకుంటే మళ్లీ అడగండి. మీకు వినబడినది మీరు కోరుకున్నది కనుకనే వినబడిందేమో ఒకసారి ఆలోచించండి. వారు మీ ముఖం చూచి తటపటాయిస్తుంటే, ఫోనును చెల్లెలి చేతికో తల్లి చేతికో ఇచ్చి గది బయటకు వెళ్లండి.

మా తల్లిగారు ఇప్పుడు నడుస్తున్నారు. బిందె ఎత్తనివ్వడం లేదని కోడలి మీద అలుగుతున్నారు. నెలకొకసారి ఆస్పత్రి అమ్మాయి ఇప్పటికీ ఫోను చేస్తుంది. "నొప్పి ఎంత అమ్మగారూ?" అని అడిగే ముందు ఇప్పుడామె, "మీ దగ్గర ఎవరున్నారు?" అని అడుగుతుంది. నేను లేచి వరండాలోకి వెళతాను.